ప్రయోగశాల పరికరాల సీరియల్ అనుసంధానం

ఎలక్ట్రానిక్ త్రాసు, పీహెచ్ మీటరు, స్పెక్ట్రోఫోటోమీటరు, ఉష్ణమాపకం, రక్త పరీక్షా యంత్రం వంటి ప్రయోగశాల పరికరాలు తాము కొలిచిన విలువలను ఒక తీగ మీదుగా, ఒక బిట్టు వెనుక మరొక బిట్టుగా కంప్యూటరుకు అందజేసే ఏర్పాటును సీరియల్ అనుసంధానం అంటారు. ఈ విధమైన ప్రసారాన్ని తెలుగులో శ్రేణి ప్రసారం అనవచ్చు. ఎనిమిది తీగల మీద ఎనిమిది బిట్లను ఒకేసారి పంపే సమాంతర ప్రసారానికి ఇది భిన్నమైనది. ప్రయోగశాలల్లో చాలా కాలంగా వాడుకలో ఉన్న సీరియల్ ప్రమాణం ఆర్‌ఎస్-232. టెలిప్రింటర్లను టెలిఫోను మోడెములకు కలపడం కోసం అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ దీనిని 1960లో ప్రవేశపెట్టింది. ఎక్కువగా వ్యాపించిన 'సి' రూపాంతరం 1969లో వెలువడింది.

కొలత పరికరాలు ఆ ప్రమాణాన్ని రాసినవారి దృష్టిలో లేవు. తీగ మీద ఎన్ని వోల్టులు ఉండాలి, ఏ పిన్ను దేనికి అన్న విషయాలను అది చెబుతుంది. కాని ఆ తీగ మీద ప్రయాణించే '12.345' అనే అక్షరాలు గ్రాములా మిల్లీగ్రాములా, త్రాసు నిలకడకు వచ్చిన తరువాతి విలువా లేక ఇంకా ఊగుతున్నప్పటి విలువా అన్నది చెప్పదు. ఇవన్నీ పరికరానికీ కంప్యూటరుకూ మధ్య ముందే కుదరవలసిన ఒప్పందాలు. ఒప్పందం పూర్తిగా తప్పితే తెర మీద ఏమీ కనిపించదు. దాని వలన జరిగే నష్టం కొంత కాలహరణమే. కొద్దిగా మాత్రమే తప్పితే, తప్పు అంకె సరైన అంకెలాగే కనిపించి ఫలితాల పట్టికలో చేరిపోతుంది. ఈ విషయంలో నేర్చుకోవలసినదంతా దాదాపుగా ఈ రెండవ రకం పొరపాటు చుట్టూనే ఉన్నది.

అవసరం

పరికరం మీది అంకెను చూసి పుస్తకంలో రాసుకునే పద్ధతి పాతది, నేటికీ అనేక చోట్ల చెల్లుబాటు అవుతున్నది. దానిలోని ప్రధాన లోపం అంకెలు తారుమారు కావడం. 37.58ని 37.85గా రాయడం ఎంత జాగ్రత్తపరుడికైనా సంభవమే. రాసిన తరువాత ఆ తప్పును పట్టుకోవడానికి ఆధారం కూడా మిగలదు. రెండవ కారణం, కొన్ని కొలతలు మనిషి చేయగలిగినవి కావు. కరిగిన నాఫ్తలీను చల్లారే తీరును ప్రతి రెండు సెకన్లకు ఒకసారి నమోదు చేయాలన్నా, రాత్రంతా ఒక కొలిమి ఉష్ణోగ్రతను గమనించాలన్నా పరికరమే నేరుగా కంప్యూటరుకు చెప్పుకోవాలి.

మూడవది చట్టపరమైనది. ఔషధ పరిశ్రమలో ఎలక్ట్రానిక్ రికార్డుల నమ్మకానికి సంబంధించి అమెరికా ఆహార ఔషధ సంస్థ 1997లో నియమాలను అమలులోకి తెచ్చింది. సమాఖ్య నిబంధనల 21వ శీర్షికలోని 11వ భాగం కావడం వలన వీటిని 'పార్ట్ 11' అని పిలుస్తారు. హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాల నుండి ఆ దేశానికి మందులు ఎగుమతి చేసే కర్మాగారాల ప్రయోగశాలలకు కూడా ఇవి వర్తిస్తాయి. ఒక తూకం ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, తరువాత ఎవరైనా మార్చారా అన్న ప్రశ్నలకు సమాధానం రికార్డులోనే ఉండాలి. త్రాసు నుండి తీగ ద్వారా నేరుగా వచ్చిన విలువకు ఈ విషయంలో చేతిరాత కంటె బలం ఎక్కువ. అయితే ఆ బలం తీగకు అవతల ఉన్న ప్రోగ్రాము ఎంత జాగ్రత్తగా రాయబడిందో అంతవరకే.

బిట్ల నడక

సీరియల్ ప్రసారంలో ప్రతి అక్షరమూ ఒక చిన్న బండిలో ప్రయాణిస్తుంది. ప్రసారం లేనప్పుడు తీగ '1' స్థితిలో నిలిచి ఉంటుంది. అక్షరం బయలుదేరే ముందు తీగ ఒక బిట్టు కాలం పాటు '0' స్థితికి వస్తుంది. దీనిని స్టార్ట్ బిట్ అంటారు. దాని వెనుక అక్షరానికి చెందిన ఏడు లేదా ఎనిమిది బిట్లు, చిన్న స్థానం నుండి మొదలై పెద్ద స్థానం వైపుగా వస్తాయి. చివర '1' స్థితిలో ఒక స్టాప్ బిట్ ఉంటుంది.

ఉదాహరణకు రోమను పెద్ద అక్షరం 'ఏ'ను తీసుకోవచ్చు. 1963లో వెలువడిన ఆస్కీ సంకేత పట్టికలో దాని సంఖ్య 65. ద్విసంఖ్యామానంలో 65 అంటే 01000001. చిన్న స్థానం నుండి పంపితే అది 10000010 అవుతుంది. ముందు స్టార్ట్ బిట్, వెనుక స్టాప్ బిట్ చేర్చగా తీగ మీద నడిచేది 0 10000010 1, అంటే మొత్తం పది బిట్లు.

పంపేవారికి, అందుకొనేవారికి మధ్య గడియారపు తీగ లేదు. అందుకే దీనిని అసమకాలిక ప్రసారం అంటారు. అందుకొనే చివర స్టార్ట్ బిట్టు మొదలైన క్షణాన్ని పట్టుకొని, అక్కడి నుండి తన సొంత గడియారంతో లెక్క వేసుకుంటూ ప్రతి బిట్టు నడిమి భాగంలో తీగను ఒకసారి తాకి చూస్తుంది. ప్రతి అక్షరానికీ లెక్క మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది గనుక రెండు గడియారాల మధ్య చిన్న తేడా ఉన్నా నష్టం లేదు. పది బిట్ల బండిలో చివరి బిట్టును తాకేది ఆరంభం నుండి తొమ్మిదిన్నర బిట్ల దూరంలో. అక్కడికి చేరేసరికి లెక్క అర బిట్టు తప్పితే పక్క బిట్టును చూసినట్లవుతుంది. ఈ లెక్కన రెండు గడియారాల మధ్య తేడా సుమారు 5 శాతానికి మించకూడదు. ఆచరణలో 2 శాతం లోపు ఉండేటట్లు చూస్తారు.

ఈ పనినంతా చేసే విద్యుత్ వలయాన్ని యూఏఆర్‌టీ అంటారు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటరులో ఇందుకు 8250 అనే చిప్ వాడారు. అది అందుకొన్న అక్షరాలలో ఒక్కదానినే దాచగలదు. ప్రోగ్రాము దానిని తీసుకొనే లోపు తరువాతి అక్షరం పూర్తిగా వస్తే మొదటిది పోతుంది. తరువాతి 16550ఏ చిప్‌లో 16 అక్షరాలు వేచి ఉండే వరుస ఏర్పడింది. నేటి కంప్యూటర్లలో ఈ ఇబ్బంది చాలావరకు తొలగినా, పాత యంత్రాల మీద నడిచే పరికరాల్లో అక్షరాలు మధ్యలో జారిపోవడానికి ఇది ఒక కారణం.

వేగము, ఒప్పందము

సెకనుకు తీగ స్థితి ఎన్నిసార్లు మారవచ్చు అన్నదానిని బాడ్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఫ్రెంచి టెలిగ్రాఫు ఇంజనీరు ఎమిల్ బోడో పేరు మీదుగా ఈ మాట వచ్చింది. 9600 బాడ్ వద్ద ఒక్కొక్క బిట్టు సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. అక్షరానికి పది బిట్లు గనుక సెకనుకు 960 అక్షరాలు నడుస్తాయి. ఒక త్రాసు ఒక్కొక్క తూకానికి ఇరవై అక్షరాల లోపే పంపుతుంది గనుక ఈ వేగం దానికి చాలినంత. 9600, 19200, 115200 వంటి సంఖ్యలు యాదృచ్ఛికంగా వచ్చినవి కావు. పాత కంప్యూటర్లలో 1.8432 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండేది. దానిని 16తో భాగిస్తే 115200, మరల 12తో భాగిస్తే 9600 వస్తాయి.

వేగంతో పాటు అక్షరానికి ఏడు బిట్లా ఎనిమిదా, పారిటీ బిట్టు ఉన్నదా లేదా, స్టాప్ బిట్లు ఒకటా రెండా అన్నవి కూడా రెండు చివరలా ఒకటిగా ఉండాలి. పారిటీ అంటే సరి-బేసి తనిఖీ. సరి పారిటీలో, అక్షరంలోని '1'ల మొత్తం సరిసంఖ్య అయ్యేటట్లు ఒక అదనపు బిట్టును చేరుస్తారు. దారిలో ఒక బిట్టు తారుమారైతే మొత్తం బేసి అవుతుంది, తప్పు తెలిసిపోతుంది. రెండు బిట్లు తారుమారైతే మాత్రం తెలియదు.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే ఒక పొరపాటును వివరంగా చూడడం మంచిది. పరికరం ఏడు బిట్లు, సరి పారిటీతో పంపుతున్నది. కంప్యూటరు ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నది. రెండింటిలోనూ బండి పొడవు పది బిట్లే. కాబట్టి గడియారం తప్పదు, ఏ హెచ్చరికా రాదు. కంప్యూటరు మాత్రం పారిటీ బిట్టును ఎనిమిదవ బిట్టుగా భావిస్తుంది. '0' అంకె సంకేతం 48, అనగా 0110000. ఇందులో '1'లు రెండు గనుక పారిటీ బిట్టు 0, అంకె చక్కగా కనిపిస్తుంది. '1' అంకె సంకేతం 49, అనగా 0110001. ఇందులో '1'లు మూడు గనుక పారిటీ బిట్టు 1 అవుతుంది, కంప్యూటరు దానిని 177గా చదివి తెర మీద ఏదో వింత గుర్తు చూపుతుంది. ఇదే విధంగా లెక్క వేస్తే 0, 3, 5, 6, 9 సరిగా వస్తాయి. 1, 2, 4, 7, 8 చెడిపోతాయి. దశాంశ బిందువు సరిగానే వస్తుంది.

తెర మీద సగం అంకెలు, సగం వింత గుర్తులు కనిపిస్తే తీగ చెడిపోయిందని భావించి మార్చేవారు ఉన్నారు. తీగలో దోషమేమీ ఉండదు, పారిటీ అమరికను సరిచేస్తే చాలు. అంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. కొన్ని ప్రోగ్రాములు అంకెలు, బిందువు కాని గుర్తులన్నిటినీ 'చెత్త' అని ఏరివేస్తాయి. అటువంటి ప్రోగ్రాముకు పై పరిస్థితిలో 12.345 వస్తే 1, 2, 4 రాలిపోయి .35 మిగులుతుంది. పన్నెండు గ్రాముల పదార్థం గ్రాములో మూడవ వంతుగా నమోదవుతుంది. ఎక్కడా దోష సందేశం ఉండదు.

వోల్టులు, పిన్నులు

ఆర్‌ఎస్-232లో '1' అంటే ఋణ వోల్టేజి, '0' అంటే ధన వోల్టేజి. అందుకొనే చివర −3 నుండి −15 వోల్టుల వరకు '1'గా, +3 నుండి +15 వరకు '0'గా గ్రహిస్తారు. మధ్యలోని −3 నుండి +3 వరకు ఉన్న ప్రాంతానికి అర్థం లేదు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివిన విద్యార్థులకు ఇది తలకిందులుగా తోచడం సహజం. మైక్రోకంట్రోలరు వంటి చిప్‌లలో '1' అంటే +5 లేదా +3.3 వోల్టులు, '0' అంటే సున్న వోల్టు. కాబట్టి మైక్రోకంట్రోలరు కాళ్ళను నేరుగా ఆర్‌ఎస్-232 తీగకు కలిపితే అక్షరాలు తిరగబడటమే గాక చిప్ కాలిపోవచ్చు. రెండింటి నడుమ స్థాయిలను మార్చే చిప్ ఉండాలి. 1987లో మాక్సిమ్ సంస్థ తెచ్చిన మాక్స్-232 చిప్ 5 వోల్టుల నుండే ధన, ఋణ వోల్టేజిలను తయారుచేసుకొని ఈ పనిని చాలా సులభం చేసింది.

తొలి రోజులలో ఈ అనుసంధానానికి 25 పిన్నుల సాకెట్టు వాడేవారు. 1984లో ఐబీఎమ్ ఏటీ కంప్యూటరుతో తొమ్మిది పిన్నుల సాకెట్టు వ్యాప్తిలోకి వచ్చింది. కంప్యూటరు వైపు తొమ్మిది పిన్నుల సాకెట్టులో 2వది అందుకొనేది, 3వది పంపేది, 5వది ఉమ్మడి భూమి. 25 పిన్నుల సాకెట్టులో దీనికి విరుద్ధంగా 2వది పంపేది, 3వది అందుకొనేది, 7వది భూమి.

దీనికి తోడు మోడెము వారసత్వం ఒకటి ఉన్నది. ప్రమాణం ప్రకారం ఒక చివర టెర్మినల్, రెండవ చివర మోడెము. కంప్యూటరు టెర్మినల్ పాత్ర వహిస్తుంది. మరి త్రాసు ఏ పాత్ర వహించాలి? కొందరు తయారీదారులు దానిని మోడెముగా భావించి తయారుచేశారు; అటువంటి దానికి పిన్నుకు పిన్ను కలిసే తిన్నని తీగ చాలు. మరికొందరు దానిని కూడా టెర్మినల్‌గానే భావించారు. అటువంటి దానికి తిన్నని తీగ వాడితే ఇద్దరి నోళ్ళూ ఒకే చోట, ఇద్దరి చెవులూ ఒకే చోట కలుస్తాయి. ఇందుకు 2, 3 తీగలు ఒకదానినొకటి దాటే నల్ మోడెము తీగ కావాలి. పైకి చూడడానికి రెండు తీగలూ ఒక్కలాగే ఉంటాయి. తీగ మీద చీటీ అంటించి ఏ రకమో రాసిపెట్టుకోవడం ఎన్నో గంటల శ్రమను తప్పిస్తుంది.

హ్యాండ్‌షేక్

అందుకొనేవారికి తీరిక లేనప్పుడు పంపేవారిని ఆగమని చెప్పే ఏర్పాటును హ్యాండ్‌షేక్ అంటారు. తొమ్మిది పిన్నుల సాకెట్టులో 7, 8 పిన్నులు ఇందుకు ప్రత్యేకించినవి. ఈ తీగలు లేకుండా అక్షరాలతోనే నడిపే పద్ధతిలో 19వ సంకేతం 'ఆగు' అని, 17వ సంకేతం 'సాగు' అని అర్థం. పరికరం అక్షరాలకు బదులు ద్విసంఖ్యా రూపంలో కొలతలు పంపేటప్పుడు ఈ రెండవ పద్ధతి పనికిరాదు. కొలతలో భాగంగా 19 అనే విలువ వస్తే కంప్యూటరు దానిని ఆజ్ఞగా భావించి ప్రసారాన్ని నిలిపివేస్తుంది.

చేతిలో పట్టే కొన్ని మల్టీమీటర్లు ఈ హ్యాండ్‌షేక్ పిన్నుల నుండే తమ ప్రసార వలయానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తును తీసుకుంటాయి. ప్రోగ్రాము ఆ పిన్నులను తగిన స్థితిలో ఉంచకపోతే మీటరు మౌనంగా ఉండిపోతుంది. వేగం, పారిటీ అన్నీ సరిగా ఉన్నా ఒక్క అక్షరం కూడా రాకపోతే ఈ సంగతిని అనుమానించాలి.

పరికరాల భాష

పైన చెప్పినవన్నీ కుదిరినప్పుడు అక్షరాలు చేరతాయి. వాటి అర్థం అన్నది వేరు విషయం. ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క భాషను ఏర్పరచుకోవడం వలన పరికరంతో వచ్చిన పుస్తకం చదవక తప్పదు. కొన్ని పరికరాలు అడగకుండానే నిరంతరం విలువలు పంపుతూ ఉంటాయి. కొన్ని మీట నొక్కినప్పుడు పంపుతాయి. కొన్ని కంప్యూటరు ఆజ్ఞ ఇచ్చినప్పుడే సమాధానమిస్తాయి.

మెట్లర్ టొలెడో సంస్థ త్రాసుల భాష దీనికి మంచి ఉదాహరణ. కంప్యూటరు 'ఎస్' అనే అక్షరాన్ని పంపితే త్రాసు నిలకడకు వచ్చేవరకు ఆగి అప్పుడు తూకాన్ని పంపుతుంది. 'ఎస్ఐ' అని పంపితే ఆ క్షణంలో ఉన్న విలువను, నిలకడ ఉన్నా లేకున్నా పంపుతుంది. సమాధానంలో అంకెకు ముందు రెండవ అక్షరం 'ఎస్' అయితే నిలకడైన విలువ, 'డి' అయితే ఊగుతున్న విలువ. అంకె తరువాత ప్రమాణం, అనగా గ్రాములా మిల్లీగ్రాములా అన్నది ఉంటుంది. త్రాసు ఇంత వివరంగా చెప్పినా, అంకెను మాత్రమే కత్తిరించి తీసుకొని మిగిలినదానిని పారవేసే ప్రోగ్రాములు కొల్లలు. అవి వేగంగా పనిచేస్తాయి. గాలి వీచినప్పటి తూకం, తలుపు తెరిచి ఉన్నప్పటి తూకం, అసలు తూకం అన్నీ ఒకే వరుసలో, ఒకే గౌరవంతో నమోదవుతాయి.

అక్షరాల ముగింపు గుర్తు కూడా ముఖ్యమే. సాధారణంగా ఒక విలువ చివర 13, 10 అనే రెండు సంకేతాలు ఉంటాయి. ఇవి టెలిప్రింటరు కాలం నాటివి. మొదటిది అచ్చు బండిని ఎడమకు చేర్చేది, రెండవది కాగితాన్ని ఒక వరుస జరిపేది. కంప్యూటరు సీరియల్ పోర్టును చదివినప్పుడు విలువ మొత్తం ఒక్కసారిగా చేతికి రావాలని నియమం లేదు. '123.45'లో ముందు '123.' వచ్చి, కొన్ని మిల్లీసెకన్ల తరువాత '45' రావచ్చు. ముగింపు గుర్తు వచ్చేవరకు ఆగని ప్రోగ్రాము 123ను ఒక తూకంగాను, 45ను మరొక తూకంగాను నమోదు చేస్తుంది. విరిగిన సంఖ్య కూడా చూడడానికి సంఖ్యే. అదే విధంగా, నిరంతరం పంపే పరికరానికి నడుమ కంప్యూటరును కలిపినప్పుడు మొదటి వరుస సగం నుండి మొదలవుతుంది. ఆ మొదటి వరుసను ఎల్లప్పుడూ వదిలివేయాలి.

ఐరోపాలోని కొన్ని దేశాలలో దశాంశ బిందువుకు బదులు కామా వాడతారు. ఆ అమరికతో ఉన్న పరికరం '12,345' అని పంపితే, కామాను వేల స్థానపు గుర్తుగా భావించే మన కంప్యూటర్లలో అది పన్నెండు వేల మూడువందల నలభై అయిదు కాగలదు.

తయారీదారుల భాషా భేదాలను తగ్గించడానికి 1990లో ఎస్‌సీపీఐ అనే ఉమ్మడి ఆజ్ఞల పద్ధతి వచ్చింది. వోల్టుమీటర్లు, ఆసిలోస్కోపులు, విద్యుత్ సరఫరా యంత్రాలలో ఇది బాగా వ్యాపించింది. 'నీవెవరు' అని అడిగే ఆజ్ఞకు పరికరం తన తయారీదారు, నమూనా, క్రమ సంఖ్య, అంతర్గత ప్రోగ్రాము సంచిక చెబుతుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఈ ప్రశ్న అడిగి, సమాధానాన్ని కొలతలతో పాటు భద్రపరచడం మంచి అలవాటు. రసాయన, జీవశాస్త్ర పరికరాల్లో ఇటువంటి ఏకత్వం అంతగా కుదరలేదు.

ఆసుపత్రి ప్రయోగశాలలలో

రక్త పరీక్షా యంత్రం పంపే విలువకు ఒక రోగి పేరు జతపడి ఉంటుంది గనుక ఇక్కడ అక్షరం జారిపోవడాన్ని ఎవరూ తేలికగా తీసుకోలేరు. '1', '9' అంకెల సంకేతాల మధ్య ఒక్క బిట్టే తేడా. పారిటీ లేని తీగ మీద ఆ ఒక్క బిట్టు తారుమారైతే 1.2 కాస్తా 9.2 అవుతుంది. ఇందుకోసం 1991లో అమెరికాలోని ఏఎస్‌టీఎమ్ సంస్థ ఇ-1381, ఇ-1394 అనే రెండు ప్రమాణాలను వెలువరించింది. తరువాత వీటి నిర్వహణను సీఎల్‌ఎస్‌ఐ చేపట్టింది. మొదటిది అక్షరాల రవాణా గురించి, రెండవది వాటి అర్థం గురించి. రవాణాను, అర్థాన్ని ఇలా విడదీయడంలోనే ఈ ప్రమాణాల విజ్ఞత కనిపిస్తుంది.

రవాణా విధానం ఇద్దరు మర్యాదస్తుల సంభాషణను పోలి ఉంటుంది. యంత్రం ముందుగా 5వ సంకేతాన్ని పంపి 'మాట్లాడవచ్చునా' అని అడుగుతుంది. కంప్యూటరు 6వ సంకేతంతో అంగీకరిస్తుంది. అప్పుడు యంత్రం 240 అక్షరాలకు మించని ఒక్కొక్క ముక్కగా సమాచారాన్ని పంపుతుంది. ప్రతి ముక్కకూ వరుస సంఖ్య, చివర తనిఖీ మొత్తం ఉంటాయి. ముక్కలోని సంకేతాలను కూడి, 256తో భాగించగా మిగిలిన శేషమే ఆ తనిఖీ మొత్తం. కంప్యూటరు కూడా అదే లెక్క వేసి, సరిపోతే 6వ సంకేతంతో ఒప్పుకుంటుంది; లేకపోతే 21వ సంకేతంతో తిరస్కరిస్తుంది. తిరస్కరించిన ముక్కను యంత్రం మళ్ళీ పంపుతుంది.

ఈ జాగ్రత్తలన్నీ అక్షరాలు చెడకుండా కాపాడతాయి. నమూనా గొట్టం మీద ఒకరి చీటీకి బదులు మరొకరి చీటీ అంటించి ఉంటే, తప్పు ఫలితం ఏ లోపం లేకుండా చేరుతుంది. నమూనా గొట్టాల మీది బార్‌కోడును యంత్రమే చదివి, ఏ పరీక్షలు చేయాలో కంప్యూటరును అడిగే రెండు వైపుల అనుసంధానం చేతితో సంఖ్యలు కొట్టడంలోని పొరపాట్లను తొలగిస్తుంది. చీటీ అంటించే చేయి మాత్రం మనిషిదే.

కొలతనే మార్చే తీగ

తీగను తగిలించడం వలన కొలతే మారిపోయే సందర్భాలు ఉన్నాయి. పీహెచ్ మీటరు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. గాజు ఎలక్ట్రోడు నిరోధం చాలా అధికం. దాని నుండి వచ్చే వోల్టేజిలో ఒక పీహెచ్ ప్రమాణానికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 59 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. బ్యాటరీ మీద నడిచే మీటరు భూమితో సంబంధం లేకుండా ఉంటుంది. దానిని సీరియల్ తీగతో కంప్యూటరుకు కలిపితే, మీటరు లోపల విద్యుత్ ఏకాంతం లేని పక్షంలో, 5వ పిన్ను ద్వారా అది కంప్యూటరు భూమికి, అక్కడి నుండి గోడలోని మూడవ పిన్నుకు కలుస్తుంది. ద్రావణం కూడా లోహపు హీటరు ద్వారానో, కలిపే కడ్డీ ద్వారానో భూమికి కలిసి ఉంటే వాటి మధ్య ఒక వలయం ఏర్పడుతుంది. అందులో నడిచే స్వల్ప విద్యుత్తు పీహెచ్ విలువను జరిపివేస్తుంది. తీగ పీకగానే విలువ సరిగా మారడం దీని గుర్తు.

కాంతి ద్వారా సంకేతాన్ని దాటించి విద్యుత్ సంబంధాన్ని తెంచే ఆప్టో-ఐసొలేటరును తీగ మధ్యలో ఉంచడం దీనికి సరైన పరిష్కారం. ఎర్తింగు సరిగా లేని భవనాలలో పరికరం ఒక గోడ సాకెట్టుకు, కంప్యూటరు మరొక గోడ సాకెట్టుకు తగిలించి ఉన్నప్పుడు కూడా ఇది అవసరం. రెండు భూముల మధ్య కొన్ని వోల్టుల తేడా ఉంటే ఆర్‌ఎస్-232కు అది నేరుగా సంకేతంలో కలుస్తుంది. పోర్టు కాలిపోయిన సంఘటనలు కూడా కొత్త కాదు.

దూరం కూడా ఒక పరిమితి. సి రూపాంతరం తీగ పొడవును 50 అడుగులకు, అంటే సుమారు 15 మీటర్లకు పరిమితం చేసింది. అంతకు మించిన దూరాలకు 1983 నాటి ఆర్‌ఎస్-485 అనువైనది. ఇందులో ఒక సంకేతానికి రెండు తీగలు ఉంటాయి. వాటి మధ్య వోల్టేజి తేడాయే సంకేతం. బయటి అలజడి రెండు తీగలనూ సమానంగా తాకుతుంది గనుక తేడా చెదరదు. తక్కువ వేగాల వద్ద సుమారు 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది, ఒకే తీగ జంట మీద 32 పరికరాలను కలపవచ్చు. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థలో పుట్టి 1975లో ఐట్రిపులీ-488గా ప్రమాణీకరింపబడిన సమాంతర పద్ధతి భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో చాలా కాలం రాజ్యమేలింది. దాని తీగలు లావుగా, ఖరీదుగా ఉండేవి.

యూఎస్‌బీ వచ్చిన తరువాత

1996లో యూఎస్‌బీ ప్రమాణం వెలువడిన తరువాత కంప్యూటర్ల నుండి తొమ్మిది పిన్నుల సాకెట్టు క్రమంగా కనుమరుగైంది. త్రాసులు, స్పెక్ట్రోఫోటోమీటర్లు మాత్రం ఇరవై ముప్పై ఏళ్ళు పనిచేస్తాయి. ఈ అంతరాన్ని యూఎస్‌బీ నుండి సీరియల్‌కు మార్చే చిన్న తీగలు పూరిస్తున్నాయి. కొత్త పరికరాలలో కూడా అనేకం పైకి యూఎస్‌బీ సాకెట్టు చూపినా, లోపల ఇటువంటి మార్పిడి చిప్‌నే కలిగి ఉంటాయి. కంప్యూటరుకు అవి సీరియల్ పోర్టులుగానే కనిపిస్తాయి.

ఈ మార్పిడి తీగలలో రెండు మెలికలు ఉన్నాయి. ఎఫ్‌టీడీఐ సంస్థ చిప్ వచ్చిన అక్షరాలను వెంటనే అందజేయక, మామూలు అమరికలో 16 మిల్లీసెకన్ల వరకు పోగుచేస్తుంది. కంప్యూటరు నమోదు చేసే సమయం విలువ చేరిన సమయమే గాని కొలిచిన సమయం కాదు. చల్లారే నాఫ్తలీనుకు ఈ తేడా లెక్కలోకి రాదు. లోలకపు డోలన కాలానికి వస్తుంది. రెండవ మెలిక నకిలీ చిప్‌లు. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఆ సంస్థ డ్రైవరు, నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చి వాటిని కంప్యూటరు గుర్తించకుండా చేసింది. విమర్శల నడుమ ఆ డ్రైవరును ఉపసంహరించుకున్నారు. తాము కొన్నది నకిలీదని తెలియనివారి తీగలు కూడా రాత్రికి రాత్రే మూగబోయాయి.

విద్యాలయాలలో

ఖరీదైన పరికరాలు లేని కళాశాలలకు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ చేపట్టిన ఫీనిక్స్ పథకం ఒక దారి చూపింది. బి.పి. అజిత్ కుమార్ ఆధ్వర్యంలో రూపొందిన ఈ పథకంలో ఒక మైక్రోకంట్రోలరు పెట్టె కొలతలను సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటరుకు పంపేది. దాని తరువాతి రూపమైన ఎక్స్‌ప్-ఐస్ యూఎస్‌బీ ద్వారా పనిచేస్తుంది. పైథాన్ భాషలో దీని ప్రోగ్రాములు అందరికీ ఉచితంగా లభిస్తాయి. 2005లో ఇటలీలో ప్రారంభమైన ఆర్డువినో పలక మరింత చౌకగా ఇదే అవకాశాన్ని ఇచ్చింది. ఆర్డువినో యూనోతో కొలతలు తీసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కంప్యూటరు దాని పోర్టును తెరవగానే పలక మొదటి నుండి తిరిగి ప్రారంభమవుతుంది. ఆ తరువాత ఒకటి రెండు సెకన్ల పాటు అది మాట వినదు. పోర్టు తెరిచిన వెంటనే పంపిన ఆజ్ఞ వృథా కావడానికి, ప్రతిసారీ లెక్క సున్న నుండి మొదలు కావడానికి ఇదే కారణం.

అనుసంధానాన్ని పరీక్షించడం

పరికరం మాట్లాడనప్పుడు దోషం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి కంప్యూటరు వైపు నుండి మొదలుపెట్టడం సులభం. పరికరం నుండి తీగను ఊడదీసి, ఆ చివరనున్న 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలపాలి. తరువాత మినికామ్, పుట్టీ వంటి టెర్మినల్ ప్రోగ్రాములో హ్యాండ్‌షేక్‌ను తీసివేసి ఏదైనా అక్షరం కొడితే అదే తిరిగి తెర మీద కనిపించాలి. విండోస్‌లో ఎక్స్‌పీ వరకు ఉన్న హైపర్‌టెర్మినల్ తరువాతి సంచికలలో లేదు. అక్షరం తిరిగి వస్తే పోర్టు, డ్రైవరు, తీగ మూడూ మంచివే. అయితే ఈ పరీక్షలో కంప్యూటరు తనతో తానే మాట్లాడుకుంటుంది గనుక వేగం, పారిటీ అమరికల గురించి ఇది ఏమీ చెప్పదు.

తరువాత మల్టీమీటరుతో పరికరం వైపు సాకెట్టులో 2, 3 పిన్నులను 5వ పిన్నుతో పోల్చి కొలవాలి. ఏ పిన్ను మీద స్థిరమైన ఋణ వోల్టేజి ఉన్నదో పరికరం ఆ పిన్ను మీద పంపుతున్నది. తిన్నని తీగ కావాలా, దాటే తీగ కావాలా అన్నది దీనితో తేలిపోతుంది.

అక్షరాలు రావడం మొదలైన తరువాత పని ముగిసిందని భావించడం తొందరపాటు. త్రాసు అయితే తెలిసిన బరువులను ఉంచి, త్రాసు తెర మీది విలువను, కంప్యూటరులో నమోదైన విలువను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ బరువుల ఎంపికలో పది అంకెలూ కనీసం ఒక్కొక్కసారి వచ్చేటట్లు, ఋణ విలువ ఒకటి ఉండేటట్లు, త్రాసు మోయలేనంత బరువు ఒకటి ఉండేటట్లు చూసుకోవాలి. బరువు మించినప్పుడు త్రాసు అంకెకు బదులు ఒక గుర్తును పంపుతుంది. దానిని అందుకున్న ప్రోగ్రాము ఆగిపోతున్నదా, హెచ్చరిస్తున్నదా, లేక అంతకు ముందు వచ్చిన తూకాన్నే మరొకసారి రాసుకుంటున్నదా అన్నది అప్పుడే బయటపడుతుంది. తూకం జరుగుతుండగా తీగను ఊడదీసి కూడా ఒకసారి చూడాలి.